కరెంటు బండి, బొగ్గుల పెట్టె

మా పిన్ని చొక్కా ఇస్త్రీ చేసేటప్పుడు ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, వీపు చేసి, ఆఖరున ముందు భాగాలు చేస్తుంది. ఈ వరస ఎన్నడూ తప్పదు. "కనబడేది ఆఖర్న చెయ్యాలి. లేకపోతే మిగతావి చేసేలోపు అది నలిగిపోతుంది" అంటుంది.

వీధి చివర ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు వేసుకునే తెల్లకోట్లన్నీ ఆమె చేతిమీదుగానే వెళ్తాయి. ఉతికినవి పొద్దున మూటలుగా వస్తాయి. సాయంత్రం డ్యూటీ మారేలోపు హ్యాంగర్లకు వేలాడుతూ తిరిగి వెళ్లాలి. ఆలస్యమైతే ఊరుకోరు. అక్కడికి దగ్గర్లో మిషన్ల లాండ్రీ ఒకటి కొత్తగా తెరిచారు. ఆ లాండ్రీ మనిషి ఆసుపత్రి సూపరింటెండెంటు గది చుట్టూ తిరుగుతున్నాడని పిన్నికి తెలుసు. ఆ కోట్లు పోతే తన చేతిలో ఇంకో పని లేదనీ తెలుసు.

బాబాయ్ టాక్సీ నడుపుతాడు. తెల్లవారగానే బయల్దేరి, ఆఫీసులకు వెళ్లేవాళ్లను దింపి, ఎండ ముదిరే వేళకు ఇల్లు చేరతాడు. మళ్లీ సాయంత్రం రైల్వేస్టేషను సవారీలుంటాయి. మధ్యాహ్నం మాత్రం ఇద్దరూ ఒకే గదిలో ఉంటారు. ఆమె బల్ల దగ్గర నిలబడి ఇస్త్రీ చేస్తుంటే, ఆయన నేలమీద చాప పరుచుకుని ఆ పొద్దున బండెక్కినవాళ్ల కథలు చెబుతాడు. ఆమె ఊఁ కొడుతుంది. కథ సగంలో ఉండగానే ఆయన గురక మొదలవుతుంది. మిగతా సగం మర్నాడు వినాల్సిందే.

పాత పెట్రోలు కారు మరీ మొండికేయడంతో బాబాయ్ దాన్ని అమ్మేసి కరెంటు కారు కొన్నాడు. స్టాండులో అంతవరకూ ఆయన పేరు రేడియో. కొత్త బండి వచ్చాక సైలెన్సర్ అని మార్చారు. "బండికీ సైలెన్సర్ లేదు, ఆయనకీ లేదు" అని తోటి డ్రైవర్లు నవ్వేవారు.

పిన్నివాళ్లు ఉండేది అద్దెకు, మేడమీద వాటాలో. వంటింటి ప్లగ్గులోంచి లావుపాటి వైరు కిటికీ గుండా కిందికి దింపి కారుకు పెట్టుకోవడానికి ఇంటాయన అతికష్టం మీద ఒప్పుకున్నాడు. "ఇంక మీటరు మార్చాలి, లోడు పెంచాలి అని నా దగ్గరికొస్తే మాత్రం ఇల్లు ఖాళీ చేసుకోండి" అని అప్పుడే చెప్పేశాడు.

మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం ఫ్యూజు కొట్టేసింది. కింద కారు ఛార్జింగులో ఉంది, పైన ఇస్త్రీ పెట్టె కాగుతోంది. ఫ్యాను ఆగిపోతే ఉక్కకు బాబాయ్‌కి మెలకువ వచ్చింది. అప్పటికే పొద్దు వాలిపోయింది. కారు బ్యాటరీ సగం కూడా నిండలేదు. ఆ సాయంత్రం స్టేషను సవారీలు పోయాయి.

"ఏదో లోడెక్కువైనట్టుంది" అని గొణుక్కుంటూ ఆయన ఫ్యూజు వేశాడు. ఆ ఏదో ఏమిటని మాత్రం ఆలోచించలేదు. దీపం కింద చీకటి అంటారు కదా. పిన్నికి అర్థమైంది. కారు, ఇస్త్రీ పెట్టె ఒకే గూటిలో ఇమడవు. కారు ఇంట్లో ఉండేదీ, కోట్లు ఇస్త్రీ చేయాల్సిందీ ఒకే వేళ.

మర్నాడు ఆమె అటకమీంచి వాళ్లమ్మ వాడిన ఇనప ఇస్త్రీ పెట్టెను దించింది. లోపల నిప్పులు పోసి వాడే రకం. బేకరీ వెనక బొగ్గులు దొరికాయి. పాత బల్ల ఒకటి డాబామీదికి చేర్చుకుంది. "పైన గాలి బాగుంటుందండీ, ఇకనుంచి అక్కడ చేసుకుంటా" అని బాబాయ్‌తో చెప్పింది. ఆయన సరేనన్నాడు. కథ చెప్పడానికి ఎదురుగా మనిషి లేదు కాబట్టి పడుకోగానే నిద్రపోవడం అలవాటు చేసుకున్నాడు.

ఇదంతా దేనికంటే, ఆ కారు మీద ఇంట్లో పెద్ద యుద్ధమే నడుస్తోంది. పిన్ని అన్నయ్య, అంటే మా పెద్ద మావయ్య, పెట్రోలు బంకులో క్యాషియరు. ఆదివారం వస్తే చాలు, టీ గ్లాసు చేతిలో పడేలోపే మొదలుపెట్టేవాడు.

"పెట్రోలు కొట్టించక్కర్లేదని సంబరపడుతున్నావు గానీ బావా, బ్యాటరీ పోయినరోజు తెలుస్తుంది నీకు."

"గ్యారంటీ ఇచ్చారు బావా."

"గ్యారంటీ ఇచ్చింది కాగితం మీద. కాగితం ఎక్కించుకుని సవారీలకు పోతావా?"

"నీ పెట్రోలు బండి మంచినీళ్లతో నడుస్తుందా మరి? ఆయిలనీ, బెల్టనీ, క్లచ్చనీ... నేను మీ చెల్లెలి మొహం కన్నా మెకానిక్కు మొహమే ఎక్కువ చూశాను."

"అదే మంచిదయింది, కాపురం నిలబడింది" అన్నాడు మావయ్య. "సరే, టైర్లు? ఆ బ్యాటరీ బరువుకి తొందరగా అరిగిపోతాయట. ఇన్సూరెన్సు ఎక్కువ. రేపు వద్దనుకుంటే కొనేవాడు ఉండడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి!"

"నీ బంకులో ఒక బండి తగ్గిందని ఏడుస్తున్నావు."

"నీ ఒక్క బండికి మా బంకు మూతపడదులే. నా ఏడుపంతా చెల్లెలి కోసం." మావయ్య వంటింటివైపు తిరిగాడు. "ఏమే చెల్లీ, నువ్వు చెప్పు. ఈ బండొచ్చాక నీకేమైనా ఇబ్బందిగా ఉందా లేదా?"

పిన్ని గుమ్మంలోకి వచ్చింది. నిప్పురవ్వ పడి కాలిన మణికట్టును చీరకొంగుతో కప్పుకుంది. మావయ్య, బాబాయ్ ఇద్దరూ ఆమెవైపే చూస్తున్నారు.

"ఇబ్బందేముంది అన్నయ్యా? చప్పుడు లేదు, పొగ లేదు. హాయిగా ఉంది."

"విన్నావా!" అని బాబాయ్ తొడ చరిచాడు. "మా ఇంట్లో పొగన్నది లేదు బావా. మీ బంకు దగ్గర నిలబడి పీల్చుకో కావలసినంత."

బొగ్గుల పెట్టెతో పని తేలిక కాదు. వేడి తగ్గితే మడతలు పోవు, పెరిగితే గుడ్డ పచ్చబడుతుంది. పిన్ని కోటు మీద తడిగుడ్డ పరిచి, దానిమీద పెట్టె నడిపి, ఆరిన కోట్లను వాసన పోయేలా గాలికి వేలాడదీసేది. అయినా ఒకరోజు విసురుతుంటే రవ్వ ఎగిరి ఒక నర్సు కోటు జేబుకు చిల్లు పడింది. లోపలివైపు నుంచి సన్నగా రఫ్ఫు చేసింది గానీ సూపరింటెండెంటు కంట పడనే పడింది.

"ఇంతకాలం నీ పనికి వంక పెట్టలేదమ్మా" అంది ఆవిడ. "ఇలాంటి మచ్చ ఇంకోటి కనబడితే మాత్రం లాండ్రీకి ఇచ్చేస్తాను. ఏమీ అనుకోకు."

పిన్ని ఆ మాట కడుపులో పెట్టుకుని మెట్లు దిగింది. ఇంట్లో చెబితే, కారు వల్ల పని పోయేలా ఉందని తేలుతుంది. తేలితే మావయ్య గెలుస్తాడు. అందుకే రోజూ ఇంకాస్త ముందుగా బొగ్గులు రాజేసేది. కోట్లన్నీ అయ్యాక, నిప్పులు నివురుగప్పి పొగ చిమ్మే వేళకు, ఆఖరుగా బాబాయ్ చొక్కాలు చేసేది. వాటిని గాలికి వేసే ఓపిక మిగిలేది కాదు.

కథ బయటపడింది ఆ చొక్కాల వల్లే.

ఒక పొద్దున బండెక్కిన పెద్దమనిషి కాసేపు అటూ ఇటూ వాసన చూసి, "ఏమయ్యా, ఏదో కాలుతున్నట్టుందే!" అన్నాడు.

"ఇది కరెంటు బండండీ. పొగే రాదు."

"రాకపోవడమేమిటి? ముక్కు పగిలిపోతుంటే! నన్ను పొమ్మనలేక పొగబెడుతున్నావా ఏంటి?"

ఆయన దారి మధ్యలోనే దిగిపోయాడు. బాబాయ్‌కి భయం వేసింది. ఎక్కడో లోపల వైరు కాలుతోందనుకున్నాడు. ఆయనకు మాత్రం ఏ వాసనా తెలియలేదు. ఏళ్లతరబడి పెట్రోలు పీల్చిన ముక్కుకి ఇక కొత్త వాసనలేవీ అంటవని స్టాండులో అనేవారు. నెమ్మదిగా, అద్దాలన్నీ దించుకుని, కారును సర్వీసు సెంటరుకు తోలాడు.

మెకానిక్కు బానెట్ తీశాడు, సీట్లు ఎత్తాడు, కారు కింద దూరి చూశాడు. ఏదో మిషను తగిలించి పరీక్ష చేశాడు. చేతులు తుడుచుకుంటూ లేచి, "నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇందులో నిప్పూ లేదు, పొగా లేదు బాబాయ్" అన్నాడు.

"మరి వాసన?"

మెకానిక్కు ఒకడుగు దగ్గరికొచ్చాడు. ఇంకో అడుగు వేశాడు. బాబాయ్ భుజం దగ్గర ముక్కు పెట్టి పీల్చాడు.

"వాసన బండిది కాదు, మీది. బొగ్గుల కొట్లో పడుకుంటున్నారా ఏంటి?"

బాబాయ్ ఎప్పుడూ రాని వేళకు ఇంటికొచ్చాడు. గది ఖాళీగా ఉంది. మెట్లెక్కి డాబామీదికి వెళ్లాడు. పిన్ని అటు తిరిగి, అట్టముక్కతో నిప్పులు విసురుతోంది. జుట్టునిండా బూడిద. తీగమీద తెల్లకోట్లు వరసగా ఊగుతున్నాయి.

"ఇదేంటే?"

ఆమె ఉలిక్కిపడింది. "ఇప్పుడొచ్చారేం? బండికేమైనా అయిందా?"

"బండి నిక్షేపంలా ఉంది. ఇదేంటని అడుగుతున్నా."

"మా అమ్మ పెట్టె. ఇంకా పనిచేస్తుందో లేదో చూద్దామని..."

"ఫ్యూజు పోయినప్పట్నుంచీ చూస్తున్నావా?"

ఆమె చేతిలో అట్టముక్క ఆగింది.

"మరేం చెయ్యమంటారు?" అంది చివరికి. "రెండూ కలిసి తట్టుకోవట్లేదుగా. మీ బండి ఆగితే అన్నయ్య ఊరుకుంటాడా? నలుగురిలో మీరు తలదించుకుంటే నేను చూడలేను."

"నేను వాదన నెగ్గడానికి నువ్విక్కడ బొగ్గులు ఊదుకుంటున్నావా?"

"ఊదట్లేదు, విసురుతున్నా" అంది పిన్ని.

ఆయనకు నవ్వొచ్చింది గానీ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పెట్టెను పక్కకు జరపబోయి, దాని బరువుకు తూలి రెండో చెయ్యి కూడా వేశాడు. అప్పుడు కనబడింది ఆమె మణికట్టు. పట్టుకుని తిప్పి చూశాడు. పాత మచ్చ మీద కొత్త మచ్చ. సూపరింటెండెంటు మాట కూడా అప్పుడే బయటికొచ్చింది.

బాబాయ్ కిందికి దిగి, కారుకు వైరు పెట్టకుండా, దాన్ని చుట్టచుట్టి డిక్కీలో పడేశాడు. పైకొచ్చి కోట్లన్నీ భుజాన వేసుకుని గదిలోకి తెచ్చాడు. కరెంటు పెట్టె ప్లగ్గులో పెట్టాడు.

"అయ్యో, సాయంత్రం సవారీలో?" అంది పిన్ని.

"కారు ఆగుతుంది. కోట్లు ఆగవు."

ఆ ఆదివారం మావయ్య టీ గ్లాసు అందుకోకముందే బాబాయ్ మొదలుపెట్టాడు. జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. మెకానిక్కు తన భుజం వాసన చూడటం కూడా దాచలేదు.

"నీ లెక్కలో బ్యాటరీ ఉంది, టైర్లు ఉన్నాయి బావా. నా లెక్కలో పెట్రోలు, ఆయిలు ఉన్నాయి. ఇద్దరి లెక్కలోనూ ఇది లేదు" అని పిన్నిని చూపించాడు.

మావయ్య టీ గ్లాసు పక్కన పెట్టి చెల్లెలివైపు తిరిగాడు. "నేనడిగాను కదే" అన్నాడు మెల్లగా. "హాయిగా ఉందన్నావు."

"నువ్వు నా గురించి అడగలేదు అన్నయ్యా, నెగ్గడానికి అడిగావు. ఏమని చెప్పను?"

ఆమె గొంతులో కోపం లేదు. ఆ సాయంత్రం మావయ్య మళ్లీ వచ్చి, బంకు నుంచి తెచ్చిన కాలిన గాయాల మందు గుమ్మంలో పెట్టి, చెప్పకుండా మెట్లు దిగాడు.

బస్సు డిపో పక్కన ఛార్జింగు పాయింటు ఒకటుంది. బాబాయ్ ఇక మధ్యాహ్నాలు అక్కడికే వెళ్లడం మొదలుపెట్టాడు. వరసలో ఆగాలి, రేకుల షెడ్డు కింద కూర్చోవాలి. నడుం వాల్చే వీలుండదు. ఇంట్లో పిన్ని బల్ల తన చోటికి వచ్చింది. కోట్లు మంచుముక్కల్లా తెల్లగా, వేళ తప్పకుండా వెళ్తున్నాయి. సూపరింటెండెంటు లాండ్రీ ఊసెత్తడం మానేసింది.

కానీ గదిలో మాట వినబడదు. కాలరు నొక్కుతూ నొక్కుతూ, ఎవరూ ఏమీ అనకుండానే పిన్ని ఒకరోజు ఊఁ అంది. తన గొంతు తనకే వినబడి, పెట్టె నిలబెట్టి, ఆయన చాప పరుచుకునే చోటువైపు చూసింది.

మర్నాడు పెందలాడే పని ముగించి, కోట్లు పంపించేసి, క్యారేజీ కట్టుకుని బస్సెక్కింది. షెడ్డు కింద బాబాయ్ నలుగురు డ్రైవర్ల మధ్య ఏదో చెబుతున్నాడు. ఆమెను చూసి మధ్యలోనే ఆపేశాడు.

"ఏమైంది? కోట్లు?"

"వెళ్లిపోయాయి. ఏమైనా తిన్నారా?"

ఆయన గబగబా వచ్చి అలవాటుకొద్దీ కారు వెనక తలుపు తెరిచాడు.

"నేనేం సవారీనా?" అని పిన్ని ముందు సీటులో కూర్చుంది.

క్యారేజీ ఇద్దరి మధ్యా విప్పుకున్నారు. ఆ పొద్దున ఒకాయన గోడ గడియారాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఎక్కాడట. చడీచప్పుడూ లేని కారులో అది ఉన్నట్టుండి గణగణమని మోగేసరికి, బండికేదో అయిందని బాబాయ్ బ్రేకు తొక్కేశాడట. పిన్ని నవ్వు ఆపుకోలేక నీళ్ల సీసా అందుకుంది.

ఎవరో అద్దం మీద కొట్టారు. ఛార్జింగు వరసలో వెనక ఉన్న డ్రైవరు.

"మీది నిండిపోయినట్టుందండీ..."

నిజంగానే నిండిపోయింది. బాబాయ్ పిన్నివైపు చూశాడు. క్యారేజీలో ఆఖరి గిన్నె ఇంకా తెరవనేలేదు.

"బండి తీసి పక్కన పెట్టేయండి, నీడకు కూర్చుని తిందాం" అంది పిన్ని. "పాపం, వెనకున్నాయన కోసం ఇంట్లో ఎవరు ఎదురుచూస్తున్నారో."