ప్రదక్షిణ చూసి అమ్మేసిన షేర్లు

2020 మార్చిలో నేను ఒక షేర్ బ్రోకింగ్ సంస్థకు మొయినాబాద్ బ్రాంచి మేనేజర్‌ని. చేవెళ్ల మండలం కూడా నా కిందే. ఖాతాదారుల్లో సగం మంది మా కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు, మిగతా సగం రోడ్డు పక్క భూమి అమ్ముకున్న రైతులు. కరోనా వార్తలకు మార్కెట్ కుప్పకూలుతోంది. రీజనల్ మేనేజర్ ఆదేశం ఒక్కటే: ఎవర్నీ అమ్మనివ్వకండి, ధైర్యం చెప్పండి. ధైర్యం చెప్పడంలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నా నమ్మకం.

ముడిమ్యాల నుంచి బాలమ్మ వచ్చింది. భర్త ఆంజయ్య మోకాళ్లు అరిగిపోయి గోడ పట్టుకుని నడుస్తున్నాడు. భూమి అమ్మిన డబ్బంతా నా సలహా మీదే షేర్లలో పెట్టారు.

"సార్, అమ్మాల్నా, ఉంచాల్నా? జర నిజం చెప్పుండ్రి," అంది.

గ్రాఫు తెరిచి ఉపన్యాసం దంచాను. పడ్డ మార్కెట్ లేవక మానదని, ఇది లెక్కల వ్యవహారమని, నమ్మకాలకు ఇక్కడ చోటు లేదని చెప్పాను. పాపం, తల ఊపి వెళ్లిపోయింది.

శుక్రవారం మార్కెట్ తెరుస్తూనే లోయర్ సర్క్యూట్ తగిలింది. సూచీ హద్దు మీరి పడితే ట్రేడింగ్ కాసేపు ఆపేస్తారు, దాని పేరది. నా సొంత షేర్లూ మునుగుతున్నాయి. సిటీలో మీటింగ్ ఉందని స్టాఫ్‌కు చెప్పి తిన్నగా చిల్కూరు గుడికి పోయాను. అక్కడ కోరిక చెప్పుకుని పదకొండు ప్రదక్షిణలు చేస్తారు, తీరితే నూట ఎనిమిది. మెడలో ఐడీ కార్డు తీయడం కూడా మరిచి, సూచీ లేవాలని మొక్కుకుంటూ తిరుగుతున్నాను. పక్కన ఎవరో కలిశారు. చూస్తే బాలమ్మ, భర్త కోసం మొక్కడానికి వచ్చింది.

"అయ్యో సార్! మీరే గిట్ల తిరుగుతున్నరంటే ఇగ మా పైసలకు దిక్కెవరు?"

ఊరికే దర్శనానికి వచ్చానన్నాను.

"దర్శనానికి వచ్చినోళ్లు గంత ఉరుకుతరా?"

సోమవారం మార్కెట్ తెరవకముందే ఫోన్ చేసింది. "ఉన్నయన్నీ అమ్మేయుండ్రి సార్. ఆయన ఆపరేషన్‌కు దవాఖానల గీ శుక్రవారమే తేదీ ఇచ్చిన్రు."

ముందే చెప్పలేదేమని విసుక్కున్నాను.

"మీరు అడగలే కద సార్," అంది.

ఖాతాదారు మాట ఫోన్‌లో రికార్డయ్యాక మేనేజర్ చేయగలిగింది అమ్మడమే. నష్టానికే అమ్మాను. రెండు రోజులకు డబ్బు ఖాతాలో పడింది, అనుకున్న రోజే ఆపరేషన్ అయింది. ఆ వెంటనే లాక్‌డౌన్‌తో అన్నీ మూతపడ్డాయి.

ఏడాది తిరిగేసరికి అవే షేర్లు పాత ధర దాటిపోయాయి. నా గ్రాఫే గెలిచిందని చెప్పుకోవాలన్న దురద ఆపుకోలేక బాలమ్మకు ఫోన్ చేశాను. ఆంజయ్య ఎత్తాడు.

"మా ఆమె చేన్ల ఉన్నది సార్. తీస్కపోయి ఇస్త, ఆగుండ్రి," అంటూ నడక మొదలుపెట్టాడు. చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. ఆమె అందుకునేలోపే పెట్టేశాను.

అమ్మాలా, ఉంచాలా అని ఎవరైనా అడిగితే గ్రాఫు తెరవడానికి ముందు ఆ డబ్బు ఎప్పుడు కావాలో కనుక్కోవాలి. సర్వీసంతా సలహాలిచ్చి బతికిన నాకు ఈ ఒక్క ప్రశ్న రిటైర్మెంట్ ముందు గానీ రాలేదు.