కండక్టరుగారి పదమూడు ఎత్తులు

మా మేనమామకి లోకంలో ఎవరి ఎత్తూ నచ్చదు. చదరంగం బల్ల మీద ఎవరు ఏ పావు జరిపినా, ముక్కు మీద ఈగ వాలినట్టు మొహం పెట్టి, "ఛీ! దీన్ని ఎత్తంటారా?" అంటాడు. ఆయనకి గడియారాలు బాగుచేసే కొట్టుంది. గడియారం ఆగిపోయిందని వచ్చినవాళ్లతో కూడా, "నీ బుర్ర నడుస్తోందా మరి?" అనే రకం. పెళ్లయిన కొత్తలో అత్తయ్య ఒక్కసారి ఆయనతో ఆడిందట. ఆ పూటే పావుల పెట్టె అటకెక్కింది.

మా క్లబ్బులో ఆయన నోటికి ఎక్కువ బలైంది ఓ బస్సు కండక్టరు.

"నీ గుర్రానికి స్టాపుల్లేవా?"

"ఉన్నాయండీ. ఎక్కడ దిగాలో దానికే తెలీదు" అని నవ్వేవాడు పాపం.

ఆ ఏడు పోటీల్లో కండక్టరుకి నల్లపావులొచ్చాయి. ఎదుట మూడేళ్లుగా కప్పు వదలని ఇంజినీరు. కండక్టరు మొదటి ఎత్తుకే గుర్రాన్ని బయటికి దూకించాడు. ఇంజినీరు బంట్లతో తరిమాడు. గుర్రం పరుగే పరుగు! హాలంతా ఒకటే నవ్వు. పద్నాలుగో ఎత్తుకి కండక్టరు కంగారులో తప్పు పావు జరిపాడు, ఆట పోయింది.

"గుర్రప్పందేలకి వెళ్తూ దారి తప్పారా?" అన్నాడు ఇంజినీరు, అందరికీ వినపడేలా.

"ఇక చదరంగం ముట్టనండీ" అన్నాడు కండక్టరు మాతో.

"మంచిదే. పావులు బతికిపోయాయి" అన్నాడు మామయ్య. నాకు ఒళ్లు మండిపోయింది.

ఫైనల్లో ఇంజినీరుతో మామయ్య. మళ్లీ నల్లపావులే. మొదటి ఎత్తుకే గుర్రం దూకింది! అదే పరుగు, అదే నవ్వు. తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీలేదు. పదమూడు ఎత్తులు పొల్లుపోకుండా అవే. పద్నాలుగో ఎత్తుకి మాత్రం మామయ్య పక్కనుంచి ఓ బక్క బంటుని తోశాడు. అంతే! గుర్రం వెంటపడి ముందుకొచ్చిన తెల్లబంట్లకి వెనక కాపు లేదు, వెనక్కి వెళ్లే దారీ లేదు. ఒక్కొక్కటే రాలిపోయాయి. ముప్ఫయ్యో ఎత్తుకి ఇంజినీరు ఓటమి ఒప్పుకుని తన రాజుని పడుకోబెట్టేశాడు.

"ఈ ఆట ఎక్కడ నేర్చుకున్నారు?"

"అదుగో, ఆ వెనక యూనిఫాంలో నిలబడ్డాడే, ఆయన దగ్గర. పదమూడు ఎత్తులూ ఆయనవే. నేను కాజేశాను."

హాలు మొత్తం వెనక్కి తిరిగింది. కండక్టరు చెవులదాకా ఎర్రబడ్డాడు.

మామయ్య నేరుగా ఆయన దగ్గరికెళ్లి, "ఏం చూస్తున్నావ్? పద్నాలుగో ఎత్తు నేర్పిస్తాను, సాయంత్రం కొట్టుకి రా" అన్నాడు.

"డ్యూటీ ఉందండీ."

"ఏ బస్సు?"

ఇప్పుడు మామయ్య రోజూ ఆ బస్సెక్కి, జేబు చదరంగం ఒళ్లో పెట్టుకుని చివరి స్టాపుదాకా వెళ్లి వస్తున్నాడు. మోకాలి నొప్పికి వైద్యమని అత్తయ్యకి చెప్పాడు.