మద్దిలేటి వచ్చే పాట

హార్మోనియం లింగప్ప నాటకానికి కూర్చునే ముందు గురువుల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుని, ఒక్కో పేరుకూ చెవి తమ్మె తాకుతాడు. తర్వాత నడుముకు తుండుగుడ్డ బిగించి, నిట్టూర్చి, హార్మోనియం తిత్తి తెరుస్తాడు. జనం "వన్స్‌మోర్" అని అరిస్తే ఆయనకు ఒళ్లు మండుతుంది. "ఇంగ చాలప్పా, చేతులు పడిపోతాండాయి" అని గొణుగుతూనే పద్యం మళ్లీ అందుకుంటాడు. ఆ మంట ఎక్కువగా హాస్యగాడు మద్దిలేటి మీదే. జనం అడగకపోయినా వాడు తన పాట రెండోసారి ఎత్తుకునేవాడు.

కర్నూలు రాజధాని అయిన ఏడు, ఎండాకాలంలో మద్దిలేటి పోయాడు. పంటలయ్యాక ఆదోని పక్కపల్లెలో మొదటి నాటకం. పెట్రోమాక్సు దీపం వెలిగించగానే లింగప్ప గురువులను తలుచుకున్నాడు. "మద్దిలేటిని గూడా తలుచుకో మామా" అన్నాడు తబలా హుసేని. లింగప్ప చేయి చెవి దాకా పోలేదు. "వాడేం గురువప్పా? నన్ను శానా సతాయించినోడు" అంటూనే, మద్దిలేటి వచ్చేటప్పుడు వాయించే పాట అందుకున్నాడు. వాడెప్పుడూ జనం మధ్యలోంచే వచ్చేవాడు. చాపల మీది తలలన్నీ అలవాటుగా వెనక్కి తిరిగాయి. పాట అయిపోయింది. ఎవరూ రాలేదు. ఎవరూ వన్స్‌మోర్ అనలేదు. లింగప్ప తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, ఆ పాటనే మళ్లీ మొదటినుంచి వాయించాడు.