మా ఊరిని పటంలో పెట్టించిన సంగతి

సోషల్ సారు మా మనవరాలి మ్యాపును క్లాసు ముందర పైకెత్తి చూపించి నవ్విండు. ఎనిమిదో తరగతి పిల్లలందరినీ నవ్వించిండు. అది తప్పు. ఈ మాట నేను ఎవరి ముందరైనా అంట. ఆ తర్వాత నేను చేసింది చెప్పినంక గూడ అది తప్పుగానే ఉంటది.

మాది భద్రాచలం పక్కనే, చెక్‌పోస్టు దాటంగనే వచ్చే ఊరు. రాష్ట్రం రెండైనప్పుడు భద్రాచలం పట్నం తెలంగాణలో ఉండిపోయింది, చుట్టూ ఉన్న మా అసొంటి ఊర్లు ఆంధ్రలో కలిసినయి. కూరగాయలకైనా, దవాఖానాకైనా, బడికైనా మాకు భద్రాచలమే దిక్కు. మనవరాలు సైకిల్ మీద పోయి వస్తది. ఒక రాష్ట్రంలో సద్ది కట్టుకుని ఇంకో రాష్ట్రంలో విప్పుకుంటది. మాకు అదేం వింత కాదు.

నేను బడి మొహం చూసినోణ్ణి కాదు. బీడీల తునికాకు కల్లంలో ఆకు కట్టలు ఎండబెట్టే పనికి పోయినప్పుడు, గుమస్తా చదివి పారేసిన పేపర్లు ముందరేసుకుని అక్షరాలు కూడబలుక్కున్న. హైస్కూలు చదువు మాత్రం మనవరాలి పుణ్యాన దొరికింది. సాయంత్రం అరుగు మీద ఇద్దరం కూసుంటం. సైన్సు ఆమె పైకి చదువుతది, నేను వింట. సోషల్ నేను చదువుత, ఆమె వింటది. కిరణజన్య సంయోగక్రియ అనేది నాకు నోరు తిరగక తిప్పలు పడుతుంటే ఆమె పడీ పడీ నవ్వేది.

“తాతా, నువ్వు సైన్సుల ఫెయిల్.”

“సోషల్‌ల నేనే ఫస్టు, పో.”

ఆ గంట కోసం పొద్దంతా ఎదురుచూసేటోణ్ణి. ముసలితనంలో బడి దొరకడమంటే ఏందో దొరికినోడికే తెలుస్తది.

ఆ సోషల్‌లోనే వచ్చింది తంటా. తెలంగాణ పటం గీసి, మీ ఊరిని చుక్క పెట్టి చూపించమని హోంవర్కు. ఆమె చక్కగా గీసుకుంటా వచ్చి, భద్రాచలం కాడ పెన్సిలు ఆపింది.

“మన ఊరు దీంట్ల రాదు గదా తాతా? అత్తోళ్ల ఇల్లు భద్రాచలంల ఉంది, ఆడ చుక్క పెడత.”

“ఎందుకు రాదు? నాకు బుద్ధి తెలిసిన సంది మనది ఖమ్మం జిల్లానే. ఎవరిని అడిగి తీసిండ్రు? ఆ గీత జర జరుపు.”

“పుస్తకంల గట్ల లేదు.”

“పుస్తకం రాసినోడు మన ఊరికొచ్చి చూసిండా?”

ఆమె రబ్బరుతో సరిహద్దు తుడిచి, మా ఊరు లోపలికి వచ్చేటట్టు ఉబ్బించి గీసింది. సారు ఎత్తి చూపించింది ఆ ఉబ్బునే. “చూడుండ్రి, తెలంగాణకు కడుపొచ్చింది” అన్నడంట. ఎదిగొస్తున్న ఆడపిల్లను పక్కన నిలబెట్టుకుని అనే మాటేనా అది? సైకిల్ స్టాండు కాడ పిల్లలు అడ్డం నిలబడి, “వీసా ఉన్నదా? చూపించి పో” అన్నరంట.

ఇవి ఆమె నాకు చెప్పలే. ఆమెతోటి సైకిల్ మీద పోయే మా ఊరి పిల్ల చెప్పింది. తెల్లారి పాత ఓటరు కార్డు జేబులో పెట్టుకుని ఆటో ఎక్కిన.

ఆ బడిలో సైన్సు పోస్టు ఖాళీ. సోషల్ సారే సైన్సు గూడ చెప్తుండు. నేను పోయేసరికి పసుపు పూసిన కాగితం మీద సబ్బునీళ్లు చల్లి, ఎర్రగ మారుడు చూపిస్తుండు. పిల్లలంతా బల్ల చుట్టూ మూగిండ్రు. కాగితం పట్టుకున్నది మా మనవరాలే. గుమ్మంలో నన్ను చూసి ఆ చేయి కిందికి దించింది. ఆ దించుడు చూసి నేను వెనక్కి మర్లాల్సింది. మర్లలే.

“ఆడపిల్లను గట్ల అంటరా సార్?”

“పెద్దాయనా, స్టాఫ్ రూంల మాట్లాడుదాం రాండ్రి.” మర్యాదగానే అన్నడు.

“అన్నది అందరి ముందట. మాట్లాడేది గూడ అందరి ముందటనే.” కార్డు తీసి బల్ల మీద పెట్టిన. “ఇగో, ఖమ్మం జిల్లా. చదువుండ్రి. పిల్ల గీసిన దాంట్ల తప్పేముంది?”

సారు కార్డు చూసి పక్కన పెట్టిండు. “ఆ మాట అనకపోవాల్సింది. అది నాదే తప్పు. గని పటం పటమే గదా తాతగారూ. ఇంతకు మీకు పింఛను ఎవరిస్తున్నరు?”

వెనక నుంచి మా ఊరి పిల్లే, ఎవరినీ కించపరచాలని కాదు, జవాబు తెలిసిన సంబరంలో అన్నది: “ఆంధ్రోళ్లు సార్! ఒకటో తారీఖు ఇంటికే తెచ్చిస్తరు. మా నానమ్మకు, ఈ తాతకు ఒక్కసారే!”

క్లాసంతా గొల్లున నవ్వింది. మనవరాలు తల ఎత్తలే.

ఆటో ఎక్కబుద్ధి కాక నడుచుకుంటనే ఇంటికొచ్చిన. నెల నెలా పింఛను మిషన్ మీద వేలిముద్ర పెట్టి, పైసలు తెచ్చిన పిల్లగాణ్ణి “చల్లగుండు బిడ్డా” అన్నోణ్ణే గదా. నేను ఖమ్మం జిల్లావోణ్ణి, నాకొద్దని ఒక్కనాడన్నా అన్ననా? అసలు నేను పుట్టినప్పుడు మా తాలూకా తూర్పు గోదావరిలో ఉండెనని మా అమ్మ చెప్పేది. అన్నీ జ్ఞాపకమని గొప్పలు పోయేటోణ్ణి, అది మాత్రం మర్చిపోయిన. వీటన్నిటికంటే ఎక్కువ కాల్చింది ఇంకోటి. “నాదే తప్పు” అని సారు అన్నప్పుడు, ఆ మాట పిల్లను చూసి అనుండ్రి అంటే అయిపోయేది. పిల్ల కోసం పోయిన అనుకున్న గని, నేను మోసుకుపోయింది నా ఊరి కోపమే. ఆమెకు దక్కాల్సిన మాట నా లొల్లిలో కొట్టుకపోయింది.

ఆనాటి నుంచి ఆమె అరుగు మీదికి రాలే. ఇంట్లో గోడకు ఆనుకుని మనసులో చదువుకునేది. నేను కళ్లద్దాలు పెట్టుకుని కూసునేటోణ్ణి. “ఇయ్యాల ఏం పాఠమయ్యింది?” అంటే పేజీ తిప్పేది. అన్నం తినమంటే తినేది, నీళ్లు తెమ్మంటే తెచ్చేది. మాట మాత్రం లేదు. నా బడి మూతపడ్డదని నాకు అర్థమైంది, మూసుకున్నది నేనే అని గూడ.

ఒకనాడు గడప కాడికి పోయి నిలబడ్డ.

“ఊరు ఆంధ్రలనే ఉంది బిడ్డా. పటం తప్పు గీయించింది నేను. నీకు తెలిసిందే రైటు. నా ఊరి పిచ్చి చూసి నువ్వు కాదనలేకపోయినవ్. చదువుకుందామా?”

ఆమె పుస్తకాల దిక్కు మర్లింది. ఒకటి తీసి సంకలో పెట్టుకుని, ఇంకోదాన్ని సంచిలోకి తోసి, అప్పుడు అన్నది:

“సైన్సు చదువుకుందాం తాతా. సోషల్ వద్దు. సోషల్ నేను బళ్లనే చదువుకుంట.”