పెదవులు చూడని ఒక్కసారి

మా పాపకు మూడేళ్లు నిండినా మాటలు రాలేదు. చెవులు బాగానే పనిచేస్తున్నాయని పరీక్షలో తేలింది. స్పీచ్ థెరపీ మేడం నాకే ఒక పని అప్పజెప్పింది. ఇంట్లో ఏ పని చేస్తున్నా దాన్ని చిన్న చిన్న మాటల్లో పాపకు పైకి చెప్పాలి. నిన్నటివి, రేపటివి వద్దు, కళ్లముందున్నవే. చెప్పాక మనసులో ఐదు లెక్కపెట్టి ఆగాలి, పాప మాట్లాడటానికి చోటివ్వాలి.

"అమ్మ బియ్యం కడుగుతున్నది. నీళ్లు తెల్లగైనయి." ఒకటి, రెండు, మూడు...

రెజిమెంటల్ బజార్‌లో మా ఇల్లు చిన్నది. మొదటి రోజే అత్తమ్మ వంటింటి తలుపు దగ్గరకొచ్చింది.

"ఏందే, పొద్దుగాల్నుంచి రేడియో లెక్క మోగుతున్నవ్?"

"మేడం గిట్లనే చెయ్యమన్నది అత్తమ్మా."

"దానికి మాటలొచ్చేలోపు నీ మాటలన్నీ అయిపోతయి చూడు," అని నవ్వి, తనే పాప ముందు కూర్చుంది. "నానమ్మ సుత పని చేస్తున్నది. చిక్కుడుకాయ ఈనె తీస్తున్నది."

అంతకుముందు నా చేతులు బియ్యంలో ఉంటే మనసు వచ్చే ఏడాది బడిలో ఉండేది. పేరేంటని అడిగితే పాప ఏం చేస్తుంది? ఎవరైనా కొడితే ఇంటికొచ్చి ఎలా చెబుతుంది? చేసే పనిని పైకి చెబుతుంటే ఆ భయానికి సందు దొరికేది కాదు. నేను వంచిన కడుగునీళ్లలో వేలు ముంచి పాప గచ్చు మీద గీతలు గీస్తుందని అప్పుడే గమనించాను. కానీ ఆగినప్పుడు మాత్రం తన పెదవులనే చూసేదాన్ని. ఎప్పుడు చూసినా అవి మూసుకునే ఉండేవి.

మొన్న మేడం బొమ్మల కార్డులు నా చేతిలో పెట్టింది. అన్నం, నీళ్లు, నొప్పి. పాప చెప్పాలనుకున్న బొమ్మ తీసి మాకివ్వాలి. "మాటలు ఎప్పుడొస్తయో చెప్పలేం అమ్మా. అప్పటిదాక పిల్ల పరేషాన్ కావొద్దు కదా," అంది. వస్తాయని మాత్రం అనలేదు.

ఇంటికొచ్చి చిక్కుడుకాయలు ముందేసుకున్నాను. రెండు కాయల ఈనె తీశాను. కళ్లముందున్నదే చెప్పాలి కదా అని, చివరికి "అమ్మ ఏడుస్తున్నది," అన్నాను. ఆ ఒక్కసారి లెక్కపెట్టలేదు. పెదవులూ చూడలేదు.

పాప నీళ్ల బొమ్మ ఉన్న కార్డు తీసి నా ఒళ్లో పెట్టింది. దాహమేసిందేమో అనుకుని గ్లాసులో పోసిచ్చాను. తను తాగలేదు. గ్లాసును రెండు చేతులతో నా నోటి దగ్గరికి తెచ్చింది. సగం నా చున్నీ మీదే ఒలికాయి.

తాగాను. "అమ్మ నీళ్లు తాగింది" అని చెప్పబోయి ఊరుకున్నాను. పాప చూస్తూనే ఉంది కదా.

తన నోట అమ్మా అని వింటానో లేదో నాకు తెలియదు. తడిసిన చున్నీ పక్కన పెట్టి, మిగిలిన కాయలు అందుకున్నాను.