నోటితో పాసవ్వాల్సిన పేపరు

మా కాలేజీలో భూగోళశాస్త్రం డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు తప్పనిసరి. ఏదో ఒక ఊరికి వెళ్ళి స్వయంగా చూసి నివేదిక రాయాలి. తరవాత క్లాసు ముందు నిలబడి దాని గురించి మాట్లాడాలి. రాతకు వేరే మార్కులు, మాటకు వేరే. రెండింట్లోనూ విడివిడిగా పాసైతేనే ఆ పేపరు క్రెడిట్లు పడతాయి. ఆ క్రెడిట్లు తక్కువైతే డిగ్రీ చేతికి రాదు. మిగిలిన పేపర్లన్నీ నేను మొదటిసారే పాసయ్యాను. ఇదొక్కటీ మిగిలిపోయింది.

నా నివేదిక గతౌరా గురించి. ఆ ఊళ్ళో పండిన ఆకుకూరలను ఆడవాళ్ళు పొద్దున్నే లోకల్ రైలెక్కించి మా బిలాస్‌పూర్ బజారుకు తెస్తారు. ఏ కాలంలో ఏ భాజీ, అంటే ఏ ఆకుకూర, వస్తుందో, ఏ పొలం నుంచి వస్తుందో చార్టుల మీద రంగు పెన్సిళ్ళతో గీశాను. మాట్లాడాల్సిన రోజున అవి బోర్డుకు వేలాడుతున్నాయి. నేను నమస్తే అన్నాను. ఆ తరవాత నోరు పెగల్లేదు. అందరూ చార్టులనే చూస్తున్నారు. అందరికీ కనిపిస్తున్నదాన్ని మళ్ళీ నేను పైకి అనడం ఎలాగో తెలియలేదు.

"మేడం, మ్యూట్ తియ్యమనండి," అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు. క్లాసంతా నవ్వింది.

మేడం నవ్వలేదు. "నీ కాగితం చక్కగా మాట్లాడుతోంది బేటా. నువ్వే మాట్లాడటం లేదు," అని హిందీలో మెల్లగా చెప్పి కూర్చోమన్నారు.

ఇంకొక్క అవకాశం సెమిస్టరు చివర్లో ఉంటుంది. అదీ తప్పితే ఏడాది ఆగాలి. నేను లైబ్రరీ సైన్సులో చేరాలనుకున్నాను. పుస్తకాల మధ్య పని చేయాలన్న ఆ కోరిక నా డైరీకి తప్ప ఎవరికీ తెలియదు. డైరీ మా ఇంటి భాష తెలుగులో రాస్తాను. మా క్లాసులో ఆ అక్షరాలు చదవగలిగినవాళ్ళు లేరు కనుక భయం లేదు. కాని డిగ్రీ పూర్తి కానిదే లైబ్రరీ సైన్సులో సీటివ్వరు. ఆ సాయంత్రం అమ్మకు మాత్రం ఫెయిలైన సంగతి చెప్పాను.

మా నాన్న గూడ్సు బళ్ళు నడిపే లోకో పైలట్. ఎక్కువగా సీపత్ విద్యుత్ కేంద్రానికి బొగ్గు చేర్చే బళ్ళు. మర్నాడు డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, వరండాలో టీ తాగుతుంటే అమ్మ ఆయనకు చెప్పేసింది.

"ఏటమ్మా, అంత బాగా రాసినావు గదా. చెప్పడానికి ఏటి కష్టం?" అన్నాడు నాన్న.

"చార్టులో ఉంది కదా నాన్నా. అందరికీ కనబడతంది. మళ్ళీ నేను చెప్తే గొప్పలు పోతున్నట్టు ఉంటాది."

నాన్న టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అచ్ఛా. బండిలో నాకు సిగ్నల్ కనబడతాది. పక్కనున్న అసిస్టెంటుకీ కనబడతాది. ఇద్దరం ఒకే అద్దంలోంచి చూస్తన్నాం. అయినా నేను చెయ్యి చాపి, హోమ్ సిగ్నల్ ఎల్లో అంటాను. ఆడూ చెయ్యి చాపి, హోమ్ సిగ్నల్ ఎల్లో అంటాడు. పైకి అనకపోతే చూసినట్టు లెక్క లేదు."

"ప్రతి సిగ్నలుకీ అంటారా?"

"ప్రతిదానికీ. ఇన్నేళ్ళ నుంచి అదే లైను మీద తిరుగుతన్నా సరే అనాల. అందులో గొప్పేటుంది? డ్యూటీ."

"బండిలో అంతలేసి అరుపులు. ఇంట్లో పిలిస్తే మాత్రం పలకరు," అంది అమ్మ వంటింట్లోంచి.

రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగాను గాని, ఇంజనులో ఇద్దరు పెద్దమనుషులు ఎదురుగా ఉన్నదాన్ని అలా చెయ్యి చాపి గట్టిగా చెప్పుకుంటారని అంతవరకు నాకు తెలియదు. ఒకరికి కనిపించేది మరొకరికీ కనిపిస్తున్నా సరే, దాన్ని పైకి అనడం సిగ్గుపడాల్సిన పని కాదన్నమాట.

తరవాత నాన్నకు రెస్టు వచ్చిన రోజున చార్టులు వరండా గ్రిల్లుకు కట్టాం.

"నువ్వు పైలట్‌వి, నేను నీ అసిస్టెంటుని. ఇక కానియ్యి," అన్నాడు నాన్న, కుర్చీలో నిటారుగా కూర్చుని.

నేను చెయ్యి చాపి, "మొదటి పటం, గతౌరా స్టేషను," అన్నాను. నాన్న చెయ్యి చాపి అదే మాట అన్నాడు. తరవాత ఎర్ర తోటకూర బొమ్మ చూపిస్తూ, "చలికాలం, లాల్ భాజీ," అన్నాను. ఆయనా "చలికాలం, లాల్ భాజీ" అన్నాడు. క్లాసులో చెప్పాల్సింది హిందీలో కనుక పటాల మాటలన్నీ హిందీలోనే అన్నాం. నా గొంతు తగ్గిందంటే చాలు, "వినబళ్ళేదు పైలట్ గారూ, బండి ఆపీమంటారా?" అనేవాడు. పక్క క్వార్టరు అత్త గోడ మీంచి తొంగిచూసి, "ఏటి వదినా, మీ ఇంట్లో భాజీలు అమ్ముతన్నారా?" అని అమ్మను అడిగింది. నాన్న ఇంట్లో ఉన్నప్పుడల్లా అలాగే చేశాం. మధ్యలో ఆయనకు కునుకు పట్టినా చెయ్యి మాత్రం లేచేది.

రెండోసారి బోర్డు ముందు నిలబడ్డాను. చెయ్యి చాపాను. "మొదటి పటం, గతౌరా స్టేషను," అన్నాను. గొంతు పెద్దది కాదు గాని అందరికీ వినబడింది. అని, అలవాటు కొద్దీ ఆగాను, నాన్న తిరిగి అంటాడని. అక్కడ నాన్న లేడు. క్లాసంతా నన్నే చూస్తోంది. మేడం పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

అప్పుడు ముందు బెంచీలో కూర్చున్న మా రైల్వే కాలనీ అమ్మాయి చెయ్యి కొంచెం చాపి, "మొదటి పటం, గతౌరా స్టేషను," అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. "ఇదేమిటి?" అన్నారు మేడం.

"మా అన్నయ్య అసిస్టెంటు లోకో పైలట్, మేడం. ట్రైనింగప్పుడు ఇంట్లో ఇలాగే చేసేవాడు. ఒకరంటే రెండోవాళ్ళు తిరిగి అనాలి. అందుకే ఈమె ఆగింది."

మేడం ముఖంలో నవ్వు కనబడింది. "సరే, అర్థమైంది. కాని మార్కులు ఈమెవి. నువ్విక అనకు. నేను వింటున్నాను బేటా, కానివ్వు."

కానిచ్చాను. రెండో పటం దగ్గర మళ్ళీ ఆగబోయి ఆగలేదు. మూడో దానికి చెయ్యి దానంతటదే లేచింది. చివర్లో మేడం, "వానాకాలం గడి ఖాళీగా ఉందేం? అప్పుడు ఆడవాళ్ళు బజారుకు రారా?" అని అడిగారు.

"వస్తారు మేడం. అప్పుడు చరోటా భాజీ తెస్తారు. దాన్ని ఎవరూ పండించరు. వానకు పట్టాల పక్కనా గట్ల మీదా దానంతటదే మొలుస్తుంది. నేను పండించినవే గీశాను కనుక అందులో లేదు. లోకల్లో నా పక్కన కూర్చున్న పెద్దావిడ చెప్పింది."

"చేదుగా ఉండదా?" అన్నాడు మ్యూట్ తియ్యమన్న అబ్బాయి. ఈసారి నిజంగానే అడిగాడు.

"లేతగా ఉన్నప్పుడు కోస్తే అంతగా ఉండదు," అన్నాను, అతని వైపు చూసి.

కూర్చున్నాక గాని నాకు తట్టలేదు, చార్టులో లేని సంగతి కూడా చెప్పానని.

మాటలో పాసయ్యాను. ఆ పేపరు క్రెడిట్లు పడ్డాయి, డిగ్రీ పూర్తయింది. కాలేజీ నోటీసు బోర్డులో నా నంబరు ఎదురుగా అన్ని గళ్ళూ నిండి ఉండటం చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. లైబ్రరీ సైన్సుకు దరఖాస్తు పెట్టాను.

ఆ సాయంత్రం అమ్మ, పక్క క్వార్టరు అత్త గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నారు. వేరే కాలేజీలో చదివిన తన కూతురికి ఫస్ట్ క్లాసు వచ్చిందని అత్త చెప్పింది.

"మా గుంట కాలేజీలో మాట్లాడీసింది వదినా," అంది అమ్మ, అంతకన్నా పెద్ద సంగతి చెబుతున్నట్టు. "అందరి ముందూ. గంటసేపు."

"ఏటి మాట్లాడింది?"

"ఏటో, ఆకుకూరల గురించట."

నేను లోపల తలుపు పక్కన ఉన్నాను. మామూలుగా అయితే అలాంటప్పుడు ఇంకో గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. చెప్పులేసుకుని బయటికి వచ్చాను.

"గంట కాదత్తా, పది నిమిషాలే," అన్నాను. "గతౌరా నుంచి మన బజారుకు భాజీలు ఎలా వస్తాయో చెప్పాను."

"ఎలా వస్తాయే?" అంది అత్త, చేట పక్కన పెట్టి.

వాళ్ళ పక్కనే మెట్టు మీద కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.