మూడో తీగ

నలభై మంది ఆడపిల్లల చేత ఒకే స్వరం ఒకే ఊపిరిలో పలికించడానికి పాటల టీచరమ్మకు పందొమ్మిది రోజులు పట్టింది. అంతకు ముందు ఆ బడిలో ముగ్గురు పాటల మేస్టర్లు నెల తిరక్కుండానే చేతులెత్తేశారు. ఆవిడ ఎత్తలేదు. పందొమ్మిదో నాడు హాల్లో ఆ స్వరం నిలబడగానే హెడ్మిస్ట్రెస్ చేతిలో కలం చేతిలోనే ఉండగా ఆఫీసు గదిలోంచి లేచి వచ్చి గుమ్మంలో నిలుచుంది. ఆ తర్వాతివి కూడా చెప్పుకోవాలి. పన్నెండు బళ్ళ పోటీలో రెండో బహుమతి, మరుసటేడు మొదటిది. ఎవరడిగినా తలొంచుకోవడం తప్ప నోరు విప్పని వెనక బెంచీ పిల్ల చేత ఒంటరిగా ఒక చరణం పాడించడం. ఏడేళ్ళలో ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాకపోవడం.

ఇవన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పగలిగిన మనిషి ఒకడున్నాడు. ఆవిడ మామగారు. నలభై ఏళ్ళు మైకు సెట్టు నడిపి, కళ్ళు మసకబారాక మానేసినవాడు. అందరూ మైకు మేస్త్రి అంటారు. జోరు వానలో, గాలికి స్పీకర్లు కట్టిన కర్రలు ఊగుతుంటే, మైలు దూరం మాట వినిపించిన ఘనత తనది. దాన్ని కూడా కోడలి ఘనతల తర్వాతే చెప్పేవాడు.

ఆ కోడలికి గొంతులో చిన్న కాయ లేచింది. కోసి తీయాలన్నారు. కోత తర్వాత మూడు వారాలు ఒక్క మాట కూడా పెదవి దాటకూడదు. పాత గొంతు మళ్ళీ వస్తుందో రాదో ముందే చెప్పలేమని డాక్టరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. బడిలో మరో చిక్కు. క్లాసు ఆగితే ఆ పీరియడ్లు డ్రాయింగు టీచరుకి ఇచ్చేస్తామని పైవాళ్ళు కాగితం పంపారు. అందుకని ఆస్పత్రికి వెళ్ళే ముందు రెండు రోజులూ హార్మోనియం ఎడమపక్కన పెట్టుకుని, అరచేతిలో ఇమిడే పాటల పెట్టెలోకి పన్నెండు పాఠాలు పాడి నింపింది. దాన్ని మామగారి చేతిలో పెట్టింది.

"మామయ్యా, మీ పెద్ద స్పీకర్లకి తగిలించి వినిపిస్తే చాలు. ఇంకేం చెయ్యక్కర్లేదు."

"ఊరంతటికీ వినిపించినవాణ్ణి, నలభై మందికి వినిపించలేనటమ్మా? నువ్వు హాయిగా వెళ్ళిరా."

కొడుకు ఆవిడకి తోడుగా ఆస్పత్రికి వెళ్ళాడు. మేస్త్రి తన పాత యాంప్లిఫయరు దులిపి బల్ల మీద పెట్టుకున్నాడు. పాటల పెట్టెకి ఇచ్చిన తీగ అందులోకి దూరలేదు. కొసను కత్తిరించి చూస్తే లోపల మూడు తీగలున్నాయి: ఎర్రది, తెల్లది, తొడుగు లేని రాగిది. ఆయన యాంప్లిఫయరుకి స్క్రూలు రెండే. ఆయన ఎరిగినంతలో శబ్దానికి తీగలూ రెండే. ఎర్రదీ తెల్లదీ చెరో స్క్రూకి బిగించి, రాగిది బలం కోసం పెట్టి ఉంటారనుకుని మొదలంటా కత్తిరించేశాడు.

సోమవారం ఉదయం హాల్లో రెండు స్పీకర్లూ కుర్చీల మీద ఎక్కించి మీట నొక్కాడు. హార్మోనియం మోగింది. గొంతు రాలేదు. శబ్దం పెంచాడు. కిటికీ అద్దాలు అదిరేలా హార్మోనియమే మోగింది.

ముందు వరసలో పిల్ల చెయ్యెత్తింది. "తాతగారూ, ఇందులో టీచరు లేరండీ."

 చెరిపేశానేమో అనుకున్నాడు. ఆ గొంతు మళ్ళీ వస్తుందో రాదో అన్న డాక్టరు మాట గుర్తొచ్చింది. స్పీకర్ల తీగ పెట్టెలోంచి లాగేసి ఇయర్‌ఫోన్ తగిలించి చెవిలో పెట్టుకున్నాడు. కోడలు ఉంది. "నోరు బాగా తెరవండర్రా, ఈగలు దూరవులే" అంటోంది. మళ్ళీ స్పీకర్లకి మార్చాడు. లేదు.

జరిగింది చిన్న సంగతి. పాటల పెట్టె కుడి, ఎడమ శబ్దాల్ని విడివిడిగా ఎర్ర, తెల్ల తీగల్లో పంపుతుంది, ఆ రెండింటికీ తిరుగుదారి రాగి తీగే. అది తెగాక స్పీకరులో మోగేది రెండింటి మధ్య తేడా మాత్రమే. ఆవిడ గొంతు పెట్టెకి సరిగ్గా ఎదురుగా ఉండి రెండు వైపులా సమానంగా పడింది కనుక ఒకదాన్నొకటి కొట్టేసుకుంది. ఒకవైపే ఎక్కువ పడిన హార్మోనియం మిగిలింది. మేస్త్రికి ఇది ఎవరు చెబుతారు? పిన్ను ఊదాడు, చొక్కాతో తుడిచాడు, ఎర్రదీ తెల్లదీ అటూ ఇటూ మార్చాడు, యాంప్లిఫయరు నెత్తిన రెండు తట్టాడు. నలభై ఏళ్ళలో నేర్చినదంతా పావుగంటలో అయిపోయింది.

చివరికి ఇద్దరిద్దరు పిల్లల్ని పిలిచి చెరో చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టాడు. వాళ్ళు ఒక ముక్క విని మిగతావాళ్ళకి పాడి వినిపించాలి. మొదటి ఇద్దరూ రెండు రకాలుగా పాడారు. ఏది సరైందో తేల్చడానికి ఆయనకి సంగీతం రాదు. గంట కొట్టేసరికి ఆరుగురికి వంతు వచ్చింది, సగం చరణం మిగిలిపోయింది.

హెడ్మిస్ట్రెస్ ఎంతసేపటి నుంచి చూస్తోందో, దగ్గరికి వచ్చి నెమ్మదిగా అంది: "ఇవాళ క్లాసు జరిగినట్టే రాసుకుంటాను. కానీ ఇలా ఎన్నాళ్ళండీ? ఆవిడ వచ్చే తేదీ రిజిస్టర్లో రాసివ్వండి. అది దాటితే నా చేతుల్లో ఉండదు."

వరండాలోకి వెళ్ళి కొడుక్కి ఫోను చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. తనని అడగనా నాన్నా, పలక మీద రాసి చెబుతుందేమో అన్నాడు కొడుకు. పక్కనే ఉందా అని అడిగాడు మేస్త్రి. ఉంది, ఇటే చూస్తోంది అన్నాడు.

"అయితే ఏం అడక్కు. క్లాసు బ్రహ్మాండంగా జరిగిందని చెప్పు. ఎప్పుడు పంపిస్తారో అది మాత్రం కనుక్కో."

 కొడుకు డాక్టరు చెప్పిన తేదీ చెప్పాడు. గొంతు సంగతి ఆ రోజుకి కూడా తేలకపోవచ్చు, మనిషి మాత్రం వస్తుందన్నాడు.

మేస్త్రి ఆఫీసు గదిలోకి వెళ్ళి, కళ్ళద్దాలు సరిచేసుకుని, హెడ్మిస్ట్రెస్ చూపించిన గడిలో ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ రాశాడు: పాటల టీచరు తిరిగి వచ్చు తేదీ, అక్టోబరు పద్నాలుగు, మంగళవారం.